కూర్మమ్మ చెయ్యి, ఇంకా జానెడు

ఈ పాపం మీదే. సూదుల సంచీ దాలయ్యా, నీది. ఫిజియోథెరపీ గదికి తాళం వేసి చెవి సొరుగులో పెట్టుకున్న పెద్ద డాక్టరూ, నీది. కూర్మమ్మ ఎడమ చెయ్యి పడిపోయిందని పొందూరంతా అంటోంది. అది దానంతటది పడిపోలేదు. మీరు పడగొట్టారు.

కూర్మమ్మకి యాభై రెండేళ్లు. అందులో నలభై ఏళ్లు రాట్నం ముందే గడిచాయి. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంది. ఎడమ చెయ్యి దూది ఏకు పట్టుకుని దారం లాగుతూ భుజం దాటి పైకి పోతుంది. ఆ చెయ్యి ఎంత పైకి లేస్తే దారం అంత పొడుగు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, వెంట్రుకలాంటి నూలు తీసేది. ఆ నూలుతో నేసిన ఖద్దరు కట్టుకుని సభల్లో మురిసే పెద్దమనుషులకి దాని వెనక ఒక భుజం ఉందని ఏనాడైనా తోచిందా?

కిందటి వేసవిలో ఆ భుజంలో నొప్పి ఏకై వచ్చి మేకై కూర్చుంది. జడ వేసుకోనివ్వదు, రవిక తొడుక్కోనివ్వదు. దాలయ్యని పిలిచారు. ఒకప్పుడు టౌనులో కాంపౌండరు, ఇప్పుడు మోటారు సైకిలెక్కాడు గనక డాక్టరు. చెయ్యి ఎంత లేస్తుందో చూడనైనా చూడలేదు. సూది పొడిచాడు.

"నరం పట్టేసినాదే కూర్మీ. కదిపినావంటే తెగిపోతాది. సెయ్యి కట్టేసుకో."

"ఎన్నాళ్లు బావా?"

"నొప్పి పోయేదాకా."

కూర్మమ్మ చేసిన తప్పు ఇక్కడుంది. తను వడికిన నూలుతో నేయించుకున్న కండువా పెట్టెలోంచి తీసి, దానితో చెయ్యి మెడకి వేలాడగట్టుకుంది. ఏ పాత గుడ్డో అయితే వారానికి చిరిగి ఊడేది, చెయ్యి బతికేది. ఆమె నూలు చిరగదు కదా! మూడు నెలలు అలాగే ఉంది. దాలయ్య వచ్చినప్పుడల్లా ముడి చూసి మెచ్చుకుని, సూది పొడిచి పోయేవాడు.

ముడి విప్పేసరికి చెయ్యి కోడి రెక్కలా ఒంటికి అతుక్కుపోయి ఉంది. మొగుడు అప్పలసూరి జడ వేయబోయి చిక్కులు పెట్టాడు. "నీ జన్మలో దారం తీసినావేటి, జడెయ్యడానికి!" అని తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. మూలనున్న రాట్నానికి సాలీడు గూడు అల్లుతోంది. "సూడు, అదీ వడుకుతన్నాది. నానొక్కదాన్నే కూకున్నాను" అంది.

చివరికి టౌనులో సర్కారు ఆసుపత్రికి వెళ్లింది. చీటీల కిటికీ వెనకున్న పిల్ల పేరు రాస్తూ తలెత్తి చూసింది.

"ఆ ఎడం సెయ్యేటి పెద్దమ్మా, అలా అతికించుకున్నావు? ఎత్తు."

"ఎత్తలేకే కదా వొచ్చినాను!"

పిల్ల కలం పడేసి బయటికొచ్చింది. పేరు అరుణశ్రీ, శృంగవరపుకోట పిల్ల. చదివింది ఫిజియోథెరపీ, ఇచ్చిన ఉద్యోగం ఫిజియోథెరపిస్టు, చేయిస్తున్న పని చీటీలు రాయడం. ఆమె గదిలో సెలైన్ పెట్టెలూ విరిగిన కుర్చీలూ కాపురముంటున్నాయి. "కాళ్లూ చేతులూ ఆడించడానికి గదెందుకమ్మా? ఇంటి దగ్గర ఆడించుకోమను" అన్నాడట పెద్ద డాక్టరు. అన్నేళ్లు చదివి నేర్చుకున్న తెలివి అది!

అరుణశ్రీ ఆ చేతిని మెల్లగా పైకి లేపి చూసింది, పక్కకి తిప్పి చూసింది.

"నరమూ కాదు, గిరమూ కాదు. కీలు సుట్టూ ఉన్న పొర బిగిసిపోయినాది. కట్టేసి ఇంకా బిగించేసినారు. షుగరున్నోళ్లకి ఇది ఎక్కువ, ముందు ఆ పరీక్ష సేయించు."

"మరి మందేటి?"

"కదపడమే మందు."

కాపడం పెట్టమంది. ముందుకు వంగి చెయ్యి వేలాడేసి సున్నాలు చుట్టమంది. తరవాత వేళ్లతో గోడ ఎక్కమంది.

"సూది నేదు, గోలీ నేదు. ఇదేటి వైద్యమమ్మా! గోడెక్కడానికి నానేటి బల్లినా?"

"బల్లివే. రోజుకి గోరంత ఎక్కే బల్లివి. లాగితే ఆగకు, పొడిసినట్టుంటే ఆగు. ఎక్కిన కాడ బొగ్గుతో గీత గియ్యి."

గీసింది. మొదటి గీత నడుము దగ్గర. దాలయ్య గుమ్మంలో బండి ఆపి నవ్వాడు. "ఏటే కూర్మీ, గోడకి సక్కిలిగిలి పెడతన్నావేటి?"

"మూడు నెల్లు నువ్వు నన్ను పొడిసినావు. నాను గోడకి సక్కిలిగిలి పెడితే నీకేటి నొప్పి? ఎల్లు!"

రెండో నెలకి గీత రొమ్ము దాటింది. నాలుగో నెలకి కళ్లు దాటింది. జడ తనే వేసుకుంది. సాలీడు గూడు దులిపి రాట్నం ముందు కూర్చుంది. కానీ చెయ్యి కుడి చేతి ఎత్తుకి జానెడు కిందే ఆగిపోతోంది. దారం పొట్టిదవుతోంది, తెగుతోంది. ఆ జానెడులోనే ఉంది ఆమె బతుకంతా.

"ఇక గోడ సాలదు పెద్దమ్మా" అంది అరుణశ్రీ, మళ్లీ ఆసుపత్రికి వచ్చిన ఆమె చెయ్యి చీటీల కిటికీలోంచి చూసి. "రోజూ పడుకోబెట్టి నా సేతుల్తో కీలు జరపాల. మంచం కావాల, గది కావాల."

కూర్మమ్మ వెనక్కి తిరిగి వరస చూసింది. నడుం పట్టేసి వంగిపోయిన, చేపలమ్మే గంగులు, మోకాళ్లు మడత పడని ఊడుపు కూలీలు. అందరి చేతుల్లోనూ అవే నొప్పి గోలీలు. భుజాల నొప్పులకని తనతో వచ్చిన నలుగురు వడికేవాళ్లనీ వెంటబెట్టుకుని తిన్నగా పెద్ద డాక్టరు గదిలోకి నడిచింది.

"ఏంటమ్మా ఇది, సంతా?" అన్నాడాయన.

కూర్మమ్మ రెండు చేతులూ ఎత్తింది.

"సూడు బాబూ. కుడిది అంత కాడికి ఎల్తాది. ఎడంది ఇక్కడే ఆగిపోతాది. మజ్జిన జానెడు. ఆ జానెడు నీ సెలైను పెట్టెల కింద ఉన్నాది."

"సరే, రేపు చూద్దాం."

"నొప్పి పోయేదాకా కట్టేసుకోమన్నాడొకడు. నువ్వు రేపంటన్నావు. రేపు నేదు. పెట్టెలు మేం మోసి బయట పడేస్తాం. సీటీలు రాయడానికి ఇంకొకరిని ఎట్టు. ఆ పిల్లని ఆ పిల్ల గదిలోకి పంపు. లెగు, తాళం తియ్యి. ఇప్పుడే!"