అడగకుండా తీసేసిన నంబరు

పెంటమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎదురుగా కోడలు ప్రేమజ్యోతి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, తాను రాసిన ఇంగ్లిషు వాక్యాలను ఒక్కొక్కటే తెలుగులో చెబుతోంది. మొయినాబాద్‌లోని ఆ ఇంట్లో రెండేళ్లుగా జరుగుతున్నదే ఇది. అత్తకు అర్థం కాని వాక్యం యంత్రానికీ అర్థం కాదని ప్రేమజ్యోతి నమ్మకం. మగవాళ్లు మాత్రం దాన్ని పని అనరు. “అత్తాకోడండ్లు ముచ్చట్లు మొదలుపెట్టిన్రు” అంటాడు కొడుకు ఆనంద్ బాబు, మూడోసారి చాయ్ అడుగుతూ.

“ఏపీఐ కీ అంటే, ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతోని మాట్లాడాలంటే చూపెట్టే అంకెలు, అక్షరాల పొడుగు గుర్తు, అత్తమ్మా. పాతయి పేరుకపోతే దొంగల చేతుల పడ్తయి. అందుకే మన బదులు పనిచేసే ఏఐ ఏజెంట్ వాటిని తీసేస్తది. ఎట్ల తియ్యాల్నో, ఎప్పుడు తియ్యొద్దో దానికి నేను రాసిపెడుతున్న.”

“తీసేస్తే మల్ల వస్తదా?”

“రాదు. అదే రాసిన. ఒకసారి తీసేస్తే తిరిగి రాదు, అందుకని ముందుగాల అది ఎవరిదో వాళ్లను అడగాలె అని. మా మేనేజర్ ఆ అడిగే ముక్క కొట్టెయ్యమంటున్నడు. అడుక్కుంట కూసుంటే పని ఆగుతదంట. తొంభై రోజులు వాడకపోతే చాలు, తీసెయ్యొచ్చంట. సాయంత్రం లోపల చెప్పాలె.”

పెంటమ్మ చేతిలో కాయ ఆగింది. “వాడకపోతే అక్కెర లేనట్టా?”

తొమ్మిదేళ్ల కిందట బిడ్డ ప్రియ, చేవెళ్లలో మొగుడి దెబ్బలు పడలేక, ఒక మధ్యాహ్నం బట్టల సంచితో వచ్చింది. చర్చి సంఘంలో పెద్ద అయిన తండ్రి సాముయేలు గుమ్మం బయటే ఆపేశాడు. “ఆదివారం నేను సంఘం ముందట నిలబడి వాక్యం చదవాలె. ఏం మొహం పెట్టుకొని చదువుత? పో, నీ ఇంటికి పో.” ప్రియ తల్లి వైపు చూసింది. పెంటమ్మ ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చింది. అంతే, లోపలికి రమ్మనలేదు. ప్రియ ఆ నీళ్లు తాగకుండా అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సాముయేలు చెయ్యి చాపితే, పెంటమ్మ తన ఫోన్ తానే తీసి ఇచ్చింది. “నంబరే గద” అంటూ ఆయన బిడ్డ నంబరు తీసేశాడు.

కానీ అది ఫోన్‌లోంచే పోయింది. బడి మొహం చూడని పెంటమ్మ, చర్చిలో పాటల పుస్తకం మీద వేలు పెట్టి వెతుక్కుంటూ చదవడం నేర్చుకుంది. అక్షరాల కంటే ముందు ఆమెకు వచ్చినవి అక్కడ నల్లబల్ల మీద సుద్దతో రాసే మూడేసి అంకెల పాటల నంబర్లు. ప్రియ నంబరు ఆమెకు మూడు పాటలు, చివరన ఒక అంకె. ఆ మూడింటిలో ఏది పాడినా ఆమెకు బిడ్డను పిలిచినట్టే. సాముయేలు ఆమె ఫోన్ తిరగేస్తాడని ఒక్కసారీ కలపలేదు. దొంతన్‌పల్లి యూనివర్సిటీ హాస్టల్లో ప్రియ వంట చేస్తోందని సంఘంలో ఎవరో చెప్పి మూడేళ్లయింది. రెండు బస్సులు మారితే చేరే దూరం. తిన్నదా, జ్వరమేమైనా వచ్చిందా, తనను చూస్తే మొహం తిప్పుకుంటుందా అని రోజూ భయపడింది. బియ్యం ఏరినట్టు, గిన్నెలు తోమినట్టు, ఆ భయపడటాన్ని కూడా ఇంటి పనుల్లో ఒకటిగా చేసుకుంటూ వచ్చింది.

“బిడ్డా, జర నీ ఫోనియ్యి.”

పెదవులు కదుపుతూ ఒక్కో పాటే గుర్తు చేసుకుని పది అంకెలూ నొక్కింది. రింగైంది.

“హలో, కౌన్?” ఎవరో మగమనిషి.

“ప్రియ... ప్రియ ఉన్నదా?”

“రాంగ్ నంబర్, అమ్మా.”

ప్రేమజ్యోతి మెల్లగా చెప్పింది. “మస్తు రోజులు రీచార్జి లేకపోతే ఆ నంబరు వేరేటోళ్లకిస్తరు, అత్తమ్మా.”

ఎన్ని ఆదివారాలుగానో గుండెలో పెట్టుకుని పాడుతున్నది ఆ మగమనిషి నంబరన్నమాట.

పెంటమ్మ ఏడవలేదు. లేచి కొంగుకు చేతులు తుడుచుకుంది. “ఆ ముక్క కొట్టెయ్యకు. ముందుగాల అడగాలె.”

“మేనేజర్ ఒప్పుకోడేమో.”

“ఒప్పుకోకపోతే, ఆ రాత కింద నీ పేరు తీసి ఆయన పేరు పెట్టుకొమ్మను.”

ప్రేమజ్యోతి అత్తను ఒక క్షణం చూసి, ఆ వాక్యం ఉంటుందని జవాబు టైపు చేసి పంపింది.

వాకిట్లో కుర్చీలో సాముయేలు పేపరు దించాడు. “ఏమే, యాడికి?”

“దొంతన్‌పల్లికి. ప్రియ దగ్గరికి.”

“ఎవర్ని అడిగి పోతున్నవే?”

పెంటమ్మ చెప్పులు తొడుక్కుంది. “బిడ్డ నంబరు నన్ను అడిగి తీసేసినవా, నిన్ను అడిగి పోవడానికి?”

“అవ్వా, మరి కూర?” లోపలినుంచి కొడుకు ఆనంద్ బాబు.

ఆమె గేటు దాటింది. ప్రియ బయటికి వస్తుందో, చూసి కూడా లోపలికి వెళ్లిపోతుందో తెలియదు. వెళ్లిపోతే పోనీ. ఈసారి గుమ్మం బయట నిలబడవలసింది తానే.