పై వాటాలో అక్క

నా కూతురు నన్ను వదిలేసి మా తోడికోడలి కూతురైపోతుందేమో. నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే.

పై వాటాలో ఉండే ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను. ఇద్దరం ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. నేను కాలర్లు కుడతాను, అక్క కాజాలు. కాన్పయినప్పట్నుంచీ నెలసరి వస్తే నాకు ప్రాణం తోడేసినట్టుంటుంది. అక్కకు మాత్రం ఏ రెండు మూడు నెలలకో వస్తే వచ్చినట్టు. "నీకేంటమ్మా, మహారాణివి!" అని మిషన్ల దగ్గర అందరూ ఆటపట్టిస్తే నవ్వేది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండేది. నేను నడుం పట్టుకుని ఇల్లు చేరేసరికి, అత్తయ్య దగ్గరుండాల్సిన నా పిల్ల, నాకంటే ముందే ఇల్లు చేరిన అక్క చంకలో ఉండేది. చేతులు చాపితే మొహం తిప్పుకునేది.

ఈసారి మూడు నెలలు దాటింది. అత్తయ్య ఆశపడి అక్కకు పాలు కాచి ఇవ్వసాగింది. పరీక్ష చేస్తే గర్భం కాదన్నారు. ఆస్పత్రికి తోడు వెళ్లింది నేనే.

"దీన్ని ఒలిగోమెనోరియా అంటారు. నెలసరి అరుదుగా రావడం. కారణం తెలియాలంటే రక్తపరీక్ష, స్కానింగ్ చేయించాలి. పిల్లలు పుట్టరని కాదమ్మా" అంది డాక్టరమ్మ.

ఎనిమిదితో చదువు ఆగినదాన్ని, ఆ పేరు నాకు నోరు తిరగలేదు. చివరి మాటకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆవిడకో బిడ్డ పుడితే నా బిడ్డ నాకు మిగులుతుంది!

"పరీక్షలకు ఎప్పుడెళ్దాం అక్కా?" అని వెంటపడ్డాను.

"నాకెందుకే? నాకు పిల్ల లేదని ఎవరన్నారు?" అంటూ నా కూతుర్ని ముద్దుపెట్టుకుంది.

"అది నా పిల్ల."

"అయితే పిలువు. వస్తుందేమో చూద్దాం."

పిలిచాను. రాలేదు. రెక్క పట్టుకుని లాక్కొచ్చేశాను.

అది నిన్నటి మాట. ఇవాళ అక్క పనికి రాలేదు. పైకి వెళ్లి తలుపు తట్టాను.

"మొదలైందిలే. కాస్త ఎక్కువగా పోతోంది, అంతే" అంది లోపల్నుంచి. గొంతు నీరసంగా ఉంది.

"తలుపు తియ్యక్కా, ఆస్పత్రికి పోదాం."

"నీ పిల్లని నువ్వు చూసుకో. పో."

బావగారు ఊళ్లో లేరు. అత్తయ్య మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేదు. మా ఆయన పిలిస్తే సిగ్గుతో పలకదు. నేనంటేనా, తలుపు తీయదు.

మా మెట్ల పక్కనుంచి వెళ్లేవాళ్లు మీలో ఎవరున్నా పైకెళ్లి తలుపు కొట్టండి. తీసేదాకా కొట్టండి. ఆటో నేను పిలుస్తాను. పిల్ల ఏదని అడిగితే నిద్రపోతోందనండి. అక్క కోసమే ఏడుస్తోందని మాత్రం చెప్పకండి. సరే, మళ్లీ మళ్లీ అడిగితే ఆ మాటా చెప్పేయండి. ముందు ఆవిడ ఎలా ఉందో చూడండి.