ఎర్ర మస్టాంగ్ సీట్లు

గిన్నెలు తోమడం అయ్యాక బంపరు తోమడానికి కూర్చుంది మణిమాల. గిన్నెలు రోజూ ఉండేవే, బంపరు మాత్రం ఎవరైనా బేరానికి వస్తున్నారంటేనే. తాతల కాలంలో వలస వచ్చిన దేశంలో, లమ్మడా పేటలోని ఆ ఇరుకు షెడ్డులో యాభై ఏళ్లు దాటిన అమెరికా మస్టాంగ్ కారు, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు ఎర్రగా మెరిసిపోతోంది. ముస్తాబు చేసిందెవరని అడిగే నాథుడే లేడు.

పాత అమెరికా కార్లు కొని, బాగుచేసి అమ్మడం ఆమె భర్త శంకరరావు వ్యాపారం. అతని లెక్కలో ఇంజను చూస్తే అది పని. తుప్పు గీకడం, సీట్లు కుట్టడం మాత్రం పనిలోకి రావు. "ఇంట్లో ఊరికే ఉన్నావు కదేటి" అంటాడు. ఈ బండి వచ్చినప్పుడు సీట్లను ఎలకలు కొట్టేసి, స్ప్రింగులు బయటికొచ్చి ఉన్నాయి. కరెంటు లేకపోయినా నడిచే కాలిమిషను మీద, వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, ఆ మందపాటి నల్ల రెక్సిను రెండు నెలలు కుట్టింది. "ఇది అమ్ముడవనీ, పబేడాన్ బజారులో నీకో కొట్టు తీసి మిషను ఎయిత్తాను" అన్నాడు. మూడు బండ్ల నుంచీ అదే మాట. "సూదీ దారంతోటి సంసారం నడుత్తాదేటే?" అని అత్త అప్పలనరసమ్మ పడీపడీ నవ్వింది. మణిమాల నవ్వలేదు, నమ్మింది. ఆ నమ్మినందుకే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండిపోతోంది. పొద్దున్నే తన్లిన్ ఊళ్లో ఉన్న ఎవరితోనో శంకరరావు ఫోన్లో చెప్తుంటే విన్నది మరి: "ఈయేల మస్టాంగ్ తెగిపోద్ది. రేపొచ్చి ఆ డాడ్జి బండి తోలుకెల్లిపోతాను. కొట్టా? కొట్టు లేదు, గిట్టు లేదు. ఆడోల్లకి ఏదోటి సెప్పాలి గదా."

కొనడానికి వచ్చిన రవీంద్ర, పెళ్లిళ్లకూ ఫొటోలకూ కార్లు అద్దెకిచ్చేవాడు. బండెక్కి కూర్చుని సీటు మీద అరచేత్తో నిమిరాడు.

"కుట్టు ఏటి బావా ఇంత బాగుంది! ఎక్కడ సేయించినావు?"

"బ్యాంకాక్," అన్నాడు శంకరరావు, రెప్ప వాల్చకుండా. "మనూల్లో ఎవడికొచ్చు ఈ పని?"

టీ కప్పుల పళ్లెంతో గుమ్మంలోనే ఆగిపోయింది మణిమాల. రెండు నెలలు నొప్పి పుట్టిన వేళ్లు అవి. ఇప్పుడు మాత్రం నొప్పి వేళ్లలో లేదు.

"ఏటలా నిల్సుండిపోనావు? టీ ఇయ్యి," అన్నాడు శంకరరావు.

బేరం తెగింది. రవీంద్ర బండి పుస్తకం తిరగేసి, "ఇదేటి, ఓనరు మణిమాల అనుంది?" అన్నాడు.

"మా ఇంటిదేలే. ఆఫీసుకొచ్చి సంతకం ఎట్టేత్తాది."

ఇక్కడి పౌరుడని చూపే గులాబీ కార్డు లేనిదే బండి పేరన రాయరు; శంకరరావుది ఏళ్లుగా ఆఫీసుల్లోనే నానుతోంది. మణిమాలకు మాత్రం, తన తాతగారు భద్రంగా దాచిన కాగితాల పుణ్యమా అని వచ్చింది. అందుకని ప్రతి బండీ ఆమె పేరనే రాయించాడు. "నీ వల్ల అయిన పని ఇదొక్కటే" అన్నాడు మొదటిసారి. మూడు బండ్లకూ, వేలు పెట్టి చూపించిన చోట తలొంచుకుని సంతకం చేసిందామె. పైన ఎవరి పేరుందో ఒక్కసారీ చదవలేదు. ఆ తప్పు తనదే.

మణిమాల ఒక చేత్తో పళ్లెం పట్టుకునే, రవీంద్ర చేతిలోంచి పుస్తకం తీసుకుంది. తన పేరు రెండుసార్లు చదువుకుంది. పళ్లెం బానెట్ మీద పెట్టింది. ఆ బానెట్ మీద ఈగ వాలినా ఊరుకోని శంకరరావు, "ఒలే!" అని అరిచాడు.

ఆమె అటు చూడలేదు. కాయలు కాచిన వేళ్లు రవీంద్ర ముందు చాపింది.

"బ్యాంకాక్ ఇదే, తమ్ముడూ. బండి నాది, అమ్మితే నాను అమ్మాల. బేరం మల్లీ మొదలెట్టు, నాతోటి. టీ మా ఆయనిత్తాడు."