పద్నాలుగు అక్షరాల రేకు

నేను ఒక రేకుముక్కను. మూరెడు పొడవు, బెత్తెడు వెడల్పు, ఇత్తడి జాతి. ఇనప గొట్టాల మీద కంపెనీ పేరు వేసే స్టెన్సిల్‌ని. ఇంగ్లీషులో ‘భానుమతి ట్యూబ్స్’ అనే పద్నాలుగు అక్షరాలు తప్ప నాకు చదువు లేదు. నిజానికి అవీ నావి కావు. అక్షరాలుండాల్సిన చోట కంతలున్నాయి, అంతే. వెనక ఏ గొట్టం పెడితే దాని మీద ఆ పేరు పడుతుంది. ఆ గొట్టం ఎవరు చేశారని అడిగే నోరు నాకు పెట్టలేదు.

అనకాపల్లి దగ్గర హైవే పక్క మిల్లులో ఒక ఫిట్టరు నన్ను ఉలితో కోశాడు. భానుమతి అంటే పాత యజమాని తల్లి. ఆ పూటే నన్ను గవరయ్య చేతిలో పెట్టారు, ఇరవై రెండేళ్ళు ఆ చెయ్యి నన్ను వదల్లేదు. గొట్టం చల్లారి బల్ల మీదికి దొర్లగానే నన్ను దాని వీపుకి వంచి పట్టి, తెల్లరంగు బ్రష్షుతో నాలుగు పోట్లు పొడిచేవాడు. చివరనున్న చదరపు కంతలో ఆ గొట్టం ఏ షిఫ్టులో తయారైందో చేత్తో రాసేవాడు. సాయంత్రం నన్ను కిరసనాయిల్లో ముంచి, బ్లేడుముక్కతో, గోటితో ఒక్కో కంత అంచూ గీకేవాడు. గీకకపోతే రంగు పేరుకుని కంతలు పూడుకుపోతాయి. కన్నపిల్లల చెవులైనా ఇంత శ్రద్ధగా తుడిచావా అని పెళ్ళాం దెప్పేదట.

తర్వాత పై దేశపు గొట్టం ఓడల్లో వచ్చిపడింది. వాళ్ళ ఊళ్ళో అమ్మే ధరకన్నా తక్కువకి ఇక్కడ అమ్ముతున్నారనీ, వాళ్ళ సర్కారు వెనక నుంచి సబ్సిడీ తోస్తోందనీ చెప్పుకున్నారు. మన గొట్టం యార్డులో తుప్పు పట్టింది. అప్పటికి పెద్దాయన పోయి కొడుకు కుర్చీలోకొచ్చాడు. అందరూ చినబాబు అనేవారు. దర్యాప్తు చేసి ఆ సరుకు మీద సుంకం వెయ్యమని ఢిల్లీకి అర్జీ పెట్టాడు. గెలవాలంటే సరుకు చవగ్గా వచ్చిందని చూపితే చాలదట, దానివల్ల ఇక్కడ దెబ్బ తగిలిందని కూడా చూపాలట. దెబ్బంటే ఆగిన మెషిన్లు, పనిలేక కూర్చున్న మనుషులు. అలా గవరయ్య మనిషి నుంచి సాక్ష్యంగా మారాడు.

మధ్యలో నీళ్ళ గొట్టాలకి ఓ ఆర్డరు వచ్చింది. ఒక మెషిను మూణ్ణెల్లు తిరిగేది. చినబాబు వద్దన్నాడు. ఇప్పుడు మెషిను తిరిగితే మన దెబ్బ చిన్నదిగా కనబడుతుందనీ, ఓపిక పడితే సుంకం పడ్డ రోజే అందర్నీ వెనక్కి పిలుస్తామనీ మేనేజరు పాణిగ్రాహి గేటు దగ్గర నచ్చజెప్పాడు. గవరయ్య నమ్మాడు. ఖాళీ మిల్లులో నేనెక్కడ పోతానోనని నన్ను పాత లుంగీ ముక్కలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. బావమరిది మందుల కంపెనీలో కాపలా పని చూసి పెడితే కసురుకున్నాడు.

“మన మిల్లు మనకుండగా పరాయోడి గేటుకాడ కర్రట్టుకుని నిలబడమంటావేటిరా?”

ఇటుకలు మోశాడు. ఆదివారం ఆదివారం నన్ను తీసి, రంగు లేకపోయినా గీకేవాడు.

ఢిల్లీ నుంచి దర్యాప్తు అధికారులు మిల్లు చూడటానికొచ్చారు. మర్యాదస్తులు, కనబడిందే రాసుకున్నారు. పని లేక ఎన్నాళ్ళయిందని అడిగితే, గవరయ్య ఇస్త్రీ చొక్కాలో నిలబడి పదకొండు నెలలని చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజాన్నే పదకొండు నెలలు కూర్చోబెట్టి తయారుచేశారు.

సుంకం పడింది. గేటు దగ్గర లడ్డూలు పంచారు. పనికి పిలిచే సైరన్ మాత్రం మోగలేదు.

నెలన్నర తర్వాత లారీలొచ్చాయి. వాటి నిండా పేరు లేని గొట్టాలు. సుంకం పడిన దేశం నుంచి కాదు, సుంకం జాబితాలో లేని ఇంకో దేశం నుంచి చినబాబే తెప్పించాడు. గవరయ్యకి కబురొచ్చింది, రోజుకూలీకి. నన్ను చంకన పెట్టుకుని పరిగెత్తినట్టే వెళ్ళాడు. గొట్టం మూతిలో వేలు పెట్టి తడిమాడు. మా మిల్లు గొట్టానికి లోపల అతుకు వెంబడి దారంలా ఓ గీత వేలికి తగిలేది. ఇక్కడ నున్నగా ఉంది. వేలు అలాగే ఉండిపోయింది. కాసేపటికి పేరు వేశాడు. షిఫ్టు కంత దగ్గర బ్రష్షు ఆగింది.

“ఏ షిప్టని రాయమంటారు బాబూ?”

“ఏదో ఒకటి రాయి గవరయ్యా. కొన్నవాడు నీకు ఫోన్ చేసి అడుగుతాడా?” అన్నాడు పాణిగ్రాహి.

“ఈ గొట్టం పుట్టినప్పుడు నాను ఇంటికాడ కూకున్నాను. తమరే కూకోమన్నారు.”

పాణిగ్రాహి నవ్వాడు. తిట్టినా బాగుండేది.

“నువ్వు కూర్చోబట్టే కదయ్యా సుంకం పడింది. రాయి, లారీ ఆగింది.”

రాశాడు. మీరైనా రాసేవారు. కాకపోతే ఆ సాయంత్రం కిరసనాయిలు డబ్బా మూత తీయలేదు. మర్నాడూ తీయలేదు. నా కంతల్లో రంగు గడ్డకట్టింది. మొదట సన్నని అక్షరాలు పూడాయి, తర్వాత లావువి. మూడో వారానికి గొట్టాల మీద పేరు బదులు తెల్ల మరక పడుతోంది. డీలర్లు గోల పెట్టారు. పాణిగ్రాహి పేరు అచ్చేసే మెషిను తెప్పించి, గవరయ్యని రేపట్నుంచి రావద్దన్నాడు. గవరయ్య నన్ను ఆ మురికితోనే ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మందుల కంపెనీ గేటు దగ్గర అప్పటికి వేరేవాడు కర్ర పట్టుకుని నిలబడి ఏడాది దాటింది.

నన్ను యాసిడ్‌తో కడిగించి, ఎర్ర మఖ్మల్ మీద పరిచి, అద్దాల చట్రంలో బిగించి ఆఫీసు హాల్లో తగిలించారు. కింద ‘సొంత గడ్డ మీద సొంత తయారీ’ అని రాయించారు. ఇప్పుడు నా పేరు మఖ్మల్ మీద పడుతోంది. నాకు అదీ ఒకటే, గొట్టమూ ఒకటే.

పీఎఫ్ కాగితం మీద సంతకానికి గవరయ్య ఒకసారి వచ్చాడు. నా ముందు నిలబడిపోయాడు.

“అది మన కంపెనీ మొదటి స్టెన్సిల్ అండి,” అంది కౌంటర్లో అమ్మాయి.

“అలాగా అమ్మా,” అన్నాడు.

నా షిఫ్టు కంత మూల యాసిడ్‌కి లొంగని రంగు చుక్క ఒకటి మిగిలి ఉంది. అది అతనికే కనబడింది. చెయ్యి తనంతట తనే లేచింది. గోటితో గీకాడు. గోటికి అద్దం తగిలింది.