నా కొలతకి కోసిన కోటు

మా అమ్మ దర్జీ. నేను మెడికల్ ఎంట్రన్స్ రాసొచ్చిన రోజే, ఫలితం రాకముందే, నా కొలతలతో డాక్టరు కోటుకి కాగితం అచ్చు కత్తిరించి కొట్లో మేకుకి తగిలించింది. నాలుగు మార్కుల తేడాతో సీటు పోయింది. ఆ అచ్చు చూసి పెద్దమ్మ, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని కొట్టు అదిరేలా నవ్వింది. ఆ నవ్వుకి ఒళ్లు భగ్గుమంది. ఇంకా చల్లారలేదు.

మళ్లీ రాయాలా, వద్దా? దరఖాస్తుకి ఈ వారమే ఆఖరు. అమ్మ అడగదు, నేను తేల్చను. కక్ష రాయమంటుంది. మళ్లీ తప్పితే ఆ నవ్వు రెండోసారి వినగలవా అని భయం అడుగుతుంది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ కొడుకుని వెంటబెట్టుకుని దిగింది. అన్నయ్యకి నా మార్కుల్లో సగం కూడా రాలేదు, సీటు కొన్నారు. తెల్లగుడ్డా, ఆదికి ఒక పాత చొక్కా బల్ల మీద పడేసి, "చెల్లీ, వీడికి కోటు కుట్టాలి. నీ కూతురి చేతే కుట్టించవే. వేసుకునే రాత లేకపోయినా కుట్టే రాతైనా ఉందిగా," అని వెళ్లిపోయింది.

ఓహో, అలాగా! చంకల్లో బిగించేస్తాను, చెయ్యెత్తలేక చావాలి అనుకుంటూ కత్తెర అందుకున్నాను. కోపంలో కళ్లు కనపడలేదు. కోయడం అయ్యాక చూద్దును కదా, గుడ్డ మీద ఉన్నది ఆది చొక్కా కాదు, నా అచ్చు. కోటు అనగానే చెయ్యి మేకు దగ్గరికే పోయింది.

అమ్మ ముక్కలు ఎత్తి చూసింది. తిడుతుందనుకున్నాను.

"కోసిన గుడ్డని అతికించలేం. ఎవరి కొలతకి కోశావో వాళ్లకే కుట్టు. అక్కకి వేరే గుడ్డ తెస్తాలే," అంది.

కుట్టాను. ఒక్కో కాజాకీ పెద్దమ్మని ఒక్కో తిట్టు తిట్టుకుంటూ కుట్టాను. ఆఖరి గుండీ కుట్టి, దారం కొరికి, ఫోనులో దరఖాస్తు పంపేశాను.

కోటు కోసం తల్లీకొడుకులు వచ్చేసరికి, దాన్ని తొడుక్కుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఇదేం చోద్యమే! వాడి కోటు నువ్వేసుకున్నావేంటి?"

"వాడిది కాదు పెద్దమ్మా, నాదే. మళ్లీ రాస్తున్నాను."

లోపల అమ్మ కుట్టుమిషను ఠక్కున ఆగింది.

"మళ్లీ తప్పితే?"

"వచ్చి నవ్వుకో. నీకా సుఖం దక్కకూడదనే చదువుతాను. రేపు నీ బీపీ చూసేది నేనే. ముందు ఉప్పు మాన్పిస్తాను, తర్వాత ఆ నవ్వు."

పెద్దమ్మ మొహం మాడిపోయింది. ఆవిడ వెనకాల అన్నయ్య పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు.

"రా అన్నయ్యా, ఈసారి ఆది చొక్కా వద్దు, నిన్నే కొలుస్తాను," అని టేపు తీశాను. మా కొట్లో కొలతలు పైకి చెప్పడం అలవాటు, లోపల అమ్మ రాసుకోవాలి కదా. భుజం, ఛాతీ మామూలుగానే చెప్పాను. నడుము మాత్రం వీధి చివరిదాకా వినపడేలా చెప్పాను.