ఊపిరి అమ్మలేదు

ఆ రికార్డింగు స్టూడియోలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ గొంతమ్మే. బస్సులో రాబోయే స్టాపు ఏదో చెప్పే గొంతు ఆవిడదే. ఫోను చేస్తే కాసేపు లైన్లో ఉండమని బతిమాలే గొంతూ ఆవిడదే. అవన్నీ ఒక ఎత్తు, చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేయడం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ పనంటే ఆవిడకు ప్రాణం. గాజు గోడకు అవతల మైకు ముందు ఆవిడ, ఇవతల మీటల బల్ల దగ్గర సౌండింజనీరు, వెనక కుర్చీలో మేనేజరు. ఏళ్ళ తరబడి ఇదే వరస.

స్టూడియో వార్షికోత్సవం నాడు మధ్యాహ్నమే పని ఆపి అందరికీ కేకూ టీ ఇచ్చారు. మేనేజరు మాట్లాడటం, చప్పట్లు పడటం అయ్యాక సౌండింజనీరు లేచాడు. తనొక పాట తయారుచేశాననీ, పాడినవాళ్ళెవరో వినేవాళ్ళే కనుక్కోవాలనీ చెప్పి స్పీకర్లు పెట్టాడు.

మొదట డ్రమ్ము దెబ్బలు. వాటి మధ్య "హూఁ..." అంటూ ఒక పొడుగాటి గాలి. మళ్ళీ దెబ్బ, మళ్ళీ గాలి. ఒకటి ముక్కులోంచి, ఒకటి కడుపులోంచి, ఒకటి సగంలో తెగిపోయి. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు. గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. గొంతమ్మకూ నవ్వు ఆగలేదు. చేతిలో టీ తొణికి ఒళ్ళో పడింది కూడా. పాపం ఎవరో ఉబ్బసం మనిషిని పట్టుకొచ్చి పాడించినట్టున్నారని పక్కనున్న అకౌంటెంటుతో అంది.

అకౌంటెంటు నవ్వు ఆపేసింది. ఆవిడ ముఖంలోకి ఒకసారి చూసి, మెల్లగా, "అక్కా, అది మీరే" అంది.

గొంతమ్మ నమ్మలేదు. కానీ పాట అయిపోగానే సౌండింజనీరు ఆవిడ వైపు చెయ్యి చాపి, ఈ నిట్టూర్పుల కచేరీకి మూలపుటమ్మ ఈవిడేనని ప్రకటించాడు. రికార్డింగులో వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆవిడ వదిలే నిట్టూర్పులన్నీ కోసి దాచాడట, వాటినే ఇలా వరసగా అతికించాడట. మేనేజరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

తన మీద నలుగురూ నవ్వినందుకు కాదు, తను కూడా నవ్వినందుకు ఆవిడకు తల కొట్టేసినట్టయింది. కప్పు బల్ల మీద పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చేసింది. వెనక నుంచి ఎవరో, అయ్యో సరదాకమ్మా అంటున్నారు. ఇంటి దాకా నడిచే వచ్చింది. బస్సెక్కితే మళ్ళీ తన గొంతే వినాలి.

ఇంటికెళ్ళాక కూడా మంట చల్లారలేదు. భర్త కళ్ళద్దాల దుకాణం నుంచి అప్పుడే వచ్చి షూ విప్పుతున్నాడు. కూతురు బల్ల దగ్గర చదువుకుంటోంది. జరిగిందంతా చెప్పి, ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా, నేనెప్పుడైనా నిట్టూర్చగా మీరు విన్నారా అని నిలదీసింది. విననే లేదంటారనీ, తనతోపాటు ఆ ఇంజనీరుని నాలుగు తిడతారనీ ఆవిడ అనుకుంది.

భర్త రెండో షూ విప్పడం మానేసి కూతురి వైపు చూశాడు. కూతురు పుస్తకంలోకి చూసింది. చివరికి భర్తే అసలు సంగతి చెప్పాడు. వినకేం, చాలా కాలంగా వింటున్నాడు. వంటింట్లో వింటున్నాడు, దుప్పట్లు మడతపెడుతుంటే వింటున్నాడు. సొంత దుకాణం పెడదామనుకుని పెట్టలేకపోయిన ఏడాది ఇది మొదలైందని అతని లెక్క. తన చేతకానితనం తల్చుకుని భార్య అలా నిట్టూరుస్తోందని, ఆ విషయం కదపకుండా తన దారిన తాను తప్పుకు తిరుగుతున్నాడు. సెలవు రోజు కూడా దుకాణంలో పనుందని వెళ్ళడం అందుకేనట.

అతని మాట పూర్తవగానే కూతురు కూడా అందుకుంది. తను వేసిన బొమ్మలు చూపించడం ఎందుకు మానేసిందో అమ్మకు తెలుసా అని అడిగింది. చూపించినప్పుడల్లా అమ్మ బాగుందనేది, ఆ వెంటనే ఒక నిట్టూర్పు విడిచేది. దాంతో, ఇక బాగుందన్న మాటకు విలువేముంది?

ఆ మాటకు ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయితే ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది.

"ఇన్నేళ్ళు నా ఊపిరిని మీ మీద ఫిర్యాదనుకున్నారా? ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఏమైందే అని అడిగితే మీ సొమ్మేం పోయేది?"

"నువ్వేం చెప్తావోనని భయమేసింది" అన్నాడు భర్త.

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గదిలో ఒక్కతీ కూర్చున్నాక, మొట్టమొదటిసారి, తన నోట్లోంచి ఆ గాలి బయటికి రావడం తన చెవులతో వింది. ఎవరో పక్కన కూర్చుని విడిచినట్టుంది.

మర్నాడు పనికి వెళ్ళే ముందు డాక్టరమ్మ దగ్గరికెళ్ళింది. ఆవిడ ఛాతీ మీద గొట్టం పెట్టి, ముందూ వెనకా విని, గుండెకూ ఊపిరితిత్తులకూ ఏ ఢోకా లేదంది. మనిషన్నాక నిట్టూరుస్తూనే ఉంటారు, కొందరు మరీ ఎక్కువ, చాలామందికి ఆ సంగతే తెలీదు అని చెప్పి పంపింది.

స్టూడియోలో గొంతమ్మ మైకు దగ్గరికి పోలేదు, తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. ఆ పాట చెరిపెయ్యాలంది. ఎక్కడ నవ్వారో అక్కడే, అందరి ముందూ ఇంజనీరు క్షమాపణ చెప్పాలంది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా, సరదాని సరదాగా తీసుకోవాలని హితబోధ మొదలెట్టాడు. అయినా స్టూడియో మైకులో పడింది ఏదైనా స్టూడియోదేనని నిమ్మళంగా ముగించాడు.

"నేను మీకు గొంతు అమ్మాను. ఊపిరి అమ్మలేదు" అంది గొంతమ్మ.

గొంతులకేం కరువు లేదన్నాడు మేనేజరు. అయితే వెతుక్కోండి అని ఆవిడ వచ్చేసింది.

గొంతులకు కరువు లేని మాట నిజమే గానీ, పిల్లల సైన్సు పుస్తకం అప్పటికి సగం అయింది. గుండె గురించి ఒక గొంతూ, కిడ్నీల గురించి ఇంకో గొంతూ చదివితే పిల్లలు తికమకపడతారని పుస్తకం చేయిస్తున్నవాళ్ళు ససేమిరా ఒప్పుకోలేదు. మేనేజరు ఫోను మీద ఫోను చేశాడు, ఆవిడ ఎత్తలేదు. చివరికి ఓ సాయంత్రం సౌండింజనీరే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ లోపలికి రమ్మంది గానీ కూర్చోమనలేదు.

రోజూ ఆ నిట్టూర్పులు కోసి తీసెయ్యడం తన ఉద్యోగంలో భాగమేనని, కోసి కోసి విసుగెత్తి ఒకరోజు పోగేస్తే నవ్వొచ్చిందని, మనసులో ఏ దురుద్దేశమూ లేదని అతను చెప్పుకొచ్చాడు.

"నవ్వొచ్చింది, సరే. రోజూ వింటున్నావు కదయ్యా, ఏమ్మా ఒంట్లో బాగుందా అని అడగబుద్ధి కాలేదా?"

"అడిగితే మీరు నొచ్చుకుంటారేమోనని..."

"అందరికీ వినిపిస్తే నొచ్చుకోననుకున్నావా?"

అతను తలొంచుకుని, రేపు అందరి ముందూ చెప్తానమ్మా అన్నాడు. చెప్పాడు కూడా. మాట తడబడింది, చెవులు ఎర్రబడ్డాయి, అయినా పూర్తిగా చెప్పాడు. ఆవిడ కళ్ళముందే పాట చెరిపేశాడు. మేనేజరు మాత్రం ఆ సమయానికి ఏదో పనున్నట్టు గదిలోంచి బయటికి రాలేదు. ఆ ఒక్కటీ ఆవిడ ఇంకా క్షమించలేదు.

ఆవిడ మళ్ళీ మైకు ముందు కూర్చుంది. ఇంట్లో మాత్రం కొత్త తంటా మొదలైంది. ఆవిడ నిట్టూర్చడమే ఆలస్యం, భర్త ఏమైంది అంటాడు. పక్కగదిలోంచి కూతురు ఏమైందమ్మా అంటుంది. కూర తరుగుతుంటే ఏమైంది, తల దువ్వుకుంటుంటే ఏమైంది. ఏమీ కాలేదు బాబూ, అడగమన్నది నేనే, నా ఖర్మ అని విసుక్కునేది. వాళ్ళు మానలేదు.

అలా ఒకరోజు భోజనాల దగ్గర భర్త మళ్ళీ అడిగాడు. ఏమీ లేదని చెప్పబోయిన మనిషి చెప్పలేదు. చెంచా కింద పెట్టి మొదలెట్టింది. ఆ మేనేజరు చదివినదాన్నే మళ్ళీ మళ్ళీ చదివిస్తాడు, ఎందుకంటే గొంతులో నవ్వు వినపడట్లేదంటాడు. కడుపు నొప్పిగా ఉన్నా నవ్వు వినపడాలి. కన్నతల్లి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనూ నవ్వు వినపడాలి. ఇంటికొస్తే దవడలు లాగేస్తాయి. ఇంట్లో ఒకరేమో మాట్లాడరు, ఒకరేమో గదిలోంచి రారు, తనే ఏదో తప్పు చేసి ఉంటానని అనుకుంటూ వచ్చింది. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఏనాడో మర్చిపోయాననుకున్నవి కూడా వచ్చాయి. గొంతు పెరిగింది. మైకు ముందు ఎప్పుడూ వినపడని గొంతు అది, గరుకుగా, నవ్వన్నది లేకుండా.

కొన్ని మాటలు తనకు తగిలినా భర్త లేచి వెళ్ళలేదు.

"నీకింత కోపముందని నాకు తెలీదు" అన్నాడు చివరికి.

"నాకూ తెలీదు" అంది గొంతమ్మ.

కూతురు లేచి, చల్లారిపోయిన గిన్నెలు వేడిచేయడానికి తీసుకెళ్ళింది.