ఒక్కటే లైను

హమీద్ మళ్లీ నంబరు కలిపాడు. కంప్యూటరును ఫోను లైనుకు కలిపే మోడెం బల్ల మీద గీపెట్టింది, బొంగురుపోయింది, ఆగిపోయింది. నల్ల తెర మీద అదే మాట: నో కారియర్, లైను కలవలేదని. వెంటనే తీగను మోడెం నుంచి పీకి టెలిఫోనుకు తగిలించాడు. రిసీవరెత్తి చెవికి ఆనించి, డయల్ టోన్ విని పెట్టేశాడు.

ఆఫీసుకు ఉన్నది ఒక్కటే లైను. తీగ మోడెంకు ఉన్నంతసేపూ ఫోను మోగదు.

పొద్దున నల్లగొండ దవాఖానలో, అక్క పక్క మంచం మీదున్న తన కోడలికి తోడుగా ఉన్న మల్లమ్మకు ఈ ఆఫీసు నంబరు ఇచ్చి, ఇక్కడి కంప్యూటరు బాగుచేయడానికి వచ్చాడు. అమ్మ పోయాక అతణ్ణి సాకింది, అతను ఆపా అని పిలిచే ఆ అక్క లాడ్లీ బేగమే. మిషను కుట్టి రేడియో పని నేర్పించింది. తరువాత కంప్యూటర్ పనికి హైదరాబాద్ పంపింది. పొద్దున ఆయాసంతో మాట తెగిపోతున్నా, "నా మొఖం చూసుకుంట కూసుంటవా? పో," అంది. బస్సెక్కిన దగ్గర్నుంచి అతని కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

మర్రిగూడ చుట్టుపక్కల బోరునీళ్లు పరీక్షించే సంస్థ అది. ఏ ఊరి నీళ్లలో ఎంత ఫ్లోరైడుందో ఆ లెక్కలు ఇవాళ హైదరాబాద్ చేరితేనే రేపటి సమావేశంలో మంచినీళ్ల సంగతి తేలుతుంది. ఖర్చులేదని కంప్యూటరులో ఉచితంగా దొరికే లైనక్స్ వేయించుకున్నారు. అది నెట్‌కు కలవనంటోంది. అవతలి మెషీను లాగిన్ పేరడిగేదాకా ఇంకాస్త ఆగేలా, లైను కలిపే ఆదేశాలున్న స్క్రిప్టును హమీద్ మార్చాడు. కలిపాడు. తెగింది. మళ్లీ తీగ పీకాడు.

"మాటిమాటికి వైరెందుకు గుంజుతున్నవ్, హమీద్ భాయ్?" సంస్థ నడిపే పరమేశ్వర్ విసుక్కున్నాడు.

"ఫోనొస్తదేమో సార్. మా ఆపా దవాఖానల ఉన్నది."

పరమేశ్వర్ లేచి నిలబడ్డాడు. "గా మాట ముందుగాల చెప్పొద్దా? ఇడిసిపెట్టు. జల్ది పో."

హమీద్ గుమ్మం దాకా వెళ్లాడు. వరండాలో, సంస్థలో పనిచేసే లక్ష్మీనర్సమ్మ నీళ్ల సీసాలు తుడుస్తోంది. ఫ్లోరైడు నీళ్లకు బిగుసుకుపోయి వంగని మోకాళ్లను ఒక పక్కకు చాపుకొని కూర్చుంది. సీసా అందుకోవడానికి ఒళ్లంతా తిప్పవలసి వస్తోంది. అతను కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు.

"ఒక్కసారి చూస్త సార్."

ఈసారి మోడెం కూత సన్నబడి, సద్దుమణిగింది. లైను నిలిచింది. తెర మీద ఒక్కొక్క ఊరి లెక్కే హైదరాబాద్‌కు పోసాగింది. పరమేశ్వర్ చప్పట్లు కొట్టాడు. హమీద్ చెయ్యి మాత్రం తీగ మీదే ఉంది. పీకితే అంతా మొదటికొస్తుంది. రెండుసార్లు వేళ్లు బిగించాడు. పీకలేదు.

అన్నీ చేరగానే తీగ మార్చాడు. మార్చీ మార్చకముందే ఫోను మోగింది.

"బిడ్డా, నేను మల్లమ్మను. ఎంతసేపటిసంది చేస్తున్ననో, కలుస్తనే లేదు. నీ పని అయిందో లేదో జర ఫోను చేసి అడుగుమన్నది మీ అక్క. నేను గీ ఫోను బూతు కాడ నిలవడ్డ. గంతల్నే మీ అక్క పానం పోయిందంట, గిప్పుడే వార్డు నుంచి వచ్చి చెప్పిన్రు."

హమీద్ రిసీవరును రెండు చేతులా పట్టుకున్నాడు.

"అయిందమ్మా," అన్నాడు.

అతను నల్లగొండ చేరేసరికి ఆపాను కింది శవాల గదికి దించారు. వార్డులో మంచం మీది పరుపు మడిచి ఉంది. కిటికీ గట్టు మీద సగం ఒలిచిన బత్తాయి, దాని తొక్క ఇంకా పచ్చిగానే ఉంది.